విశ్రాంతి గదికి దారి

పార్కుకు వెళ్లి దారి తప్పకుండా తిరిగొచ్చే మనుషులంటే నాకు జాలి.

పాపం, వాళ్లు టికెట్ కొన్నారే గాని పార్కు చూడలేదు. గేటు దగ్గర దిగారు, ఫౌంటెన్ ముందు ఫోటో తీసుకున్నారు, ఐస్‌క్రీమ్ తిన్నారు, మళ్లీ గేటు దగ్గర తేలారు. ఇంతదానికి పార్కెందుకు? మా బస్టాండు చాలదా? అక్కడ ఫౌంటెన్ కూడా ఉంది, పైపు పగిలిన దగ్గర!

కొత్తకోటకు కాస్త దూరంలో, బెంగళూరు హైవే మీద నుంచి కనిపించే గుట్ట ఒకటుంది. దాని చుట్టూ కంచె వేసి, మొక్కలు నాటి, సిమెంటు జింకలను నిలబెట్టి పర్యాటక పార్కు చేశారు. పేరు రాయను. రాస్తే పొగిడాననుకొని ఫ్లెక్సీ కట్టుకుంటారు. ఆ పార్కుకు నేను నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ నాలుగు కొత్త చోట్ల తప్పిపోయాను. ఒక్క గుట్ట మీద ఇంత వైవిధ్యం ఇంకెక్కడ దొరుకుతుంది?

దారి తెలియని పార్కు సమాజానికి చేసే మేలు మనవాళ్లకు ఇంకా అర్థం కాలేదు. పక్క గదిలో ఉన్న కళ్లజోడు కోసం భార్యను కేకేసే పెద్దమనిషి, అక్కడ బయటికి దారి వెతుక్కుంటూ ఆరు కిలోమీటర్లు నడుస్తాడు. డాక్టరు పదేళ్లుగా చెప్పినా నడవనివాడు! ఇల్లు పంచుకున్న నాటి నుంచి మాటల్లేని అన్నదమ్ములు రెండు పొదల మధ్య ఎదురుపడి "అటు దారి ఉందా?" అని పలకరించుకుంటారు. ఒక కుటుంబమైతే తప్పిపోయిన మేనమామను వెతకబోయి, ఇంకెవరి మేనమామనో వెంటబెట్టుకొచ్చిందట. ఈయన వాళ్ల మామకంటే నెమ్మదస్తుడు కావడంతో అలాగే ఉంచుకున్నారట. నిజమో కాదో తెలియదు. ఆ పార్కును చూసినవాళ్లెవరూ కాదనలేదు.

ఈ ఘనతంతా బోర్డులది.

గేటు లోపల పెద్ద మ్యాపు ఉంటుంది. దాని మీద ఎర్రచుక్క. పక్కన "మీరు ఇక్కడ ఉన్నారు" అని రాసి ఉంటుంది. ఇందులో వింతేముంది, అన్ని పార్కుల్లోనూ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ మావాళ్లు ఆ ఒక్క బోర్డునే ఆరు కాపీలు తీయించి, గుట్ట మీద ఆరుచోట్ల పాతారు. ఆరింటిలోనూ ఎర్రచుక్క గేటు దగ్గరే! చెమటలు కక్కుకుంటూ గుట్ట ఎక్కి చూస్తారు, మీరు గేటు దగ్గరే ఉన్నారు. కుంట చుట్టూ తిరిగొచ్చి చూస్తారు, అప్పుడూ గేటు దగ్గరే. మనిషి ఎంత తిరిగినా బయలుదేరిన చోటే ఉంటాడని చెప్పడానికి స్వాములు వారం రోజులు ఉపన్యాసాలిస్తారు. మా ఫ్లెక్సీ ప్రింటరు ఆ సంగతిని మూడే మాటల్లో తేల్చేశాడు!

ఇంత జ్ఞానం మధ్య జనం దారి ఎలా వెతుక్కుంటారో చూడడం నాకు మంచి కాలక్షేపం.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఫోనులో చూసుకుంటూ నడుస్తారు. తల ఎత్తరు. ఫోను నేరుగా పొమ్మంటే నేరుగా పోయి ముళ్లకంచెకు తగులుకుంటారు. తగులుకున్నాక, అక్కడ నిలబడడం కంచెదే తప్పన్నట్టు దానివంక చూస్తారు. పెద్ద ఆఫీసర్లకు ఆ బాధ లేదు. వాళ్ల ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నడుస్తారు. ముందున్న ఇద్దరికీ దారి తెలియదు, ఆ మాట చెప్పే ధైర్యం ఐదుగురికీ లేదు. ఒకసారి అలా అందరూ కలిసి పంపుసెట్టు గదిలోకి వెళ్లి, దాన్ని చాలాసేపు మెచ్చుకొని బయటికొచ్చారు. ఇక ప్రేమికులు. వాళ్లు బోర్డులు చదవనే చదవరు. మనుషుల గొంతులు ఎటు వినపడవో అటు నడుస్తారు. ఆ పార్కులో అనుకున్న చోటికి చేరుతున్నది వాళ్లొక్కరే.

గోపయ్య సంగతి వేరు. గుట్ట పార్కు కాకముందు ముప్పై ఏళ్లు దానిమీదే గొర్రెలు కాశాడాయన. ఇప్పుడు తన గుట్టను చూడడానికి తానే టికెట్ కొనుక్కొని వచ్చాడు. నేను దారి అడిగితే నవ్వాడు.

"గుట్ట మీద దారి తప్పుడేందమ్మా? గాలి మొకానికి తగిలే దిక్కు నడువు, దిగుతవు."

"బోర్డు ఇటు కాదు, అటు అంటుంది గద గోపయ్యా?"

"బోర్డు ఎన్నడన్న గొర్లు కాసిందా?"

నేను డిగ్రీ చదివినదాన్ని. బోర్డును కాదని గాలిని నమ్మితే చదువుకు విలువేముంది? నేను బోర్డు చెప్పినట్టే నడిచాను. గోపయ్య కంటే గంటంబావు ఆలస్యంగా దిగాను. ఆ గంటంబావు ప్రకృతిని చూశాను కదా!

అయితే ఈ పార్కు గొప్పతనం పూర్తిగా తెలిసింది నాలుగోసారి వెళ్లినప్పుడే. దానికి మా పక్కింటి జన్నత్ బీకి రుణపడి ఉన్నాను.

ఆమెను నేను పిన్నిని పిలిచినట్టు ఖాలా అంటాను. అరవై ఐదు దాటాయి. కాళ్లవాపు. ఒంట్లోని నీరు తగ్గడానికి డాక్టరు రాసిన గోళీ రోజూ పొద్దున్నే వేసుకోవాలి. వాళ్లింట్లో దాన్ని నీళ్ల గోళీ అంటారు. వేసుకున్న తర్వాత మూడు నాలుగు గంటలు మాటిమాటికీ బాత్రూముకు లేవాల్సిందే. అందుకని పెళ్లికి పోయినా, చావుకు పోయినా ఆమె ఆ రోజు గోళీ మానేస్తుంది. రెండో రోజుకు పాదాలు ఉబ్బుతాయి, డాక్టరు తిడతాడు, ఆమె తల వంచుకొని వింటుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆమె, ఆమె కోడలు షగుఫ్తా, నేను పార్కుకు బయలుదేరాం. జన్నత్ బీ యథాప్రకారం గోళీ డబ్బా పక్కన పెట్టేసింది. నేను ఊరుకుంటానా? చదువుకున్నదాన్ని!

"ఏసుకో ఖాలా. పార్కుల అన్ని సౌకర్యాలు ఉన్నయంట, పేపర్ల చూసిన. మలుపు మలుపుకు బోర్డు ఉంది."

"నిజంగనా బిడ్డా? నువ్వు చెప్తే ఏసుకుంట."

నా ఎదుటే మింగింది. గ్లాసు నిండా నీళ్లు తాగింది. అంతకుముందు మూడుసార్లు వెళ్లినదానివి, నీకు తెలియదా అని మీరు అడగొచ్చు. నాకు అక్కడ ఎప్పుడూ ఆ అవసరం పడలేదు. బయటికి వెళ్లే రోజు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టకపోవడం మా అమ్మ నేర్పిన పద్ధతి. ఆ పద్ధతిలో పెరిగిన ఆడది ఏ పార్కులోనూ ఏదీ వెతుక్కోనక్కర్లేదు.

పదింటికి లోపలికి వెళ్లాం. పదకొండుకు, సిమెంటు జింకల దగ్గర, జన్నత్ బీ నా కొంగు పట్టి లాగింది.

"బిడ్డా, జర పోయొస్త. యాడుంటది?"

ఎదురుగానే బోర్డు. ముగ్గురం పోయి చూశాం. మేము గేటు దగ్గర ఉన్నాం.

"గంట నడిస్తిమి," అంది జన్నత్ బీ. "ఇంక గేటు కాడనే ఉన్నమా?"

షగుఫ్తా బీఈడీ చదివిన పిల్ల. బోర్డు మూలన "సౌకర్యాల వివరాలకు స్కాన్ చేయండి" అని నల్లగళ్ల కోడ్ ఉంటే ఫోను తీసి స్కాన్ చేసింది. వీడియో వచ్చింది. పార్కు ప్రారంభోత్సవం! నిడివి నలభై ఎనిమిది నిమిషాలు. మొదట అంతా దండలే.

"జర ముందుకు జరుపు బేటీ. యాడన్న చూపిస్తరేమో."

షగుఫ్తా జరిపింది. ఇంకొకాయనకు శాలువా కప్పుతున్నారు. మళ్లీ జరిపింది. మొదటాయన రెండో ఆయనకు కప్పుతున్నాడు.

ముందుకు నడిచాం. మలుపు తిరగ్గానే పసుపు గోడల గది కనిపించింది. శుభ్రంగా ఉంది, వరండా ఉంది, నెత్తిమీద మూడు భాషల బోర్డు ఉంది. పైన తెలుగులో "విశ్రాంతి గది". మధ్యలో ఉర్దూ. కింద ఇంగ్లీషు ఉండాలి గాని, దానిమీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టారు. శుభాకాంక్షలు అందుకుంటున్నాయన గడ్డం కింద నుంచి ఇంగ్లీషు అక్షరం 'ఎం' ఒక్కటి తొంగి చూస్తోంది. ఒక్క 'ఎం'తో ఏం తెలుస్తుంది?

నేను తెలుగు చదివాను. అర్థం చెప్పాను.

"ఇది అలిసిపోయినోళ్లు కూసునే రూము ఖాలా. మనకు కావల్సింది ఇది కాదు."

వరండాలో నిజంగానే ఒక పెద్దాయన తువ్వాలు పరుచుకొని పడుకున్నాడు. పక్కనే ఒక కుటుంబం పులిహోర డబ్బా విప్పింది. ఇంతకంటే రుజువేం కావాలి?

జన్నత్ బీ ఉర్దూ చదివింది. చిన్నప్పుడు నేర్చుకున్న చదువు, కూడబలుక్కుంటూ చదివింది. చదివి గబుక్కున చెప్పులు విడిచింది. నెత్తిమీది బట్ట నుదుటి దాకా లాక్కుంది.

"ఏమైంది ఖాలా?"

"ఆరాంగాహ్ అని రాసిన్రు," అంది గొంతు తగ్గించి. "ఎవరో బుజుర్గ్‌ను గీడ పడుకోబెట్టిన్రు. గీ జాగల గా ముచ్చట తియ్యొద్దు. పాండ్రి, దూరం పోదాం."

ఆరాంగాహ్ అంటే విశ్రమించే చోటు. బుజుర్గుల, అంటే మహనీయుల సమాధిని కూడా ఉర్దూలో అదే మాటతో గౌరవంగా అంటారట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది, బోర్డు రాసినవారికి ఇంకా తెలియదు.

"గీ గుట్ట మీద దర్గా ఉన్నట్టు నేనెన్నడు ఇనలే అమ్మీ," అంది షగుఫ్తా.

"నువ్వు ఇనకుంటే లేకుండ పోతదా?"

జన్నత్ బీ దూరం నుంచే సలాం చేసింది. సమాధి పక్కన కూర్చొని పులిహోర తింటున్నవాళ్లను విస్తుపోయి చూసింది. తర్వాత చెప్పులు చేతబట్టుకొని, మమ్మల్ని తొందరపెట్టి, అటు నుంచి తప్పించింది.

అది ఏం గదో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మాకు తెలియలేదు. తెలుగు వచ్చిన నేను, ఉర్దూ వచ్చిన ఆమె, రెండు భాషల సాయంతో మేము వెతుకుతున్నదాన్ని దాటుకొని ముందుకు వెళ్లాం. ఇంగ్లీషులో 'రెస్ట్‌రూమ్' అన్న మాట కూడా కనిపించి ఉంటే బహుశా తెలిసిపోయేది. అందుకే ఫ్లెక్సీ కట్టినవారి ముందుచూపును మెచ్చుకోవాలి!

ఆ తర్వాత ముప్పావుగంట పార్కును ఎంత క్షుణ్ణంగా చూశామో చెప్పలేను. ప్రతి పొద వెనకా చూశాం, ప్రతి గోడనూ చుట్టి వచ్చాం. జన్నత్ బీ నడక మారింది. అడుగులో అడుగు వేసుకుంటూ, దారిలో వచ్చిన ప్రతి మెట్టునూ ముందు కళ్లతో కొలిచి అప్పుడు కాలు పెడుతోంది. బెంచీ మీద కూర్చోమంటే తల అడ్డంగా ఊపింది. కూర్చుంటే మళ్లీ లేవగలనో లేదో అని. కృత్రిమ జలపాతం దగ్గర నీళ్ల చప్పుడు మొదలుకాగానే రెండు చెవులూ మూసుకొని నడిచింది. చుట్టూ ఆదివారం జనం. సెల్ఫీలు. పక్కన కోడలు. ఈ వయసులో ఇంతమంది ముందు బట్టలు తడుపుకుంటే రేపు ఇంట్లో ఏ మొహంతో మాట్లాడాలి? ఈ మాట నా చేతిని పట్టుకున్న ఆమె వేళ్లు అన్నాయి.

ఈ ఆనందానికి కారణం నేనే. గోళీ వేసుకోమన్నది నేనే.

ఎండుటాకులు ఊడుస్తున్న ఒకామె మమ్మల్ని ఆపింది. పేరు జానమ్మ అని తర్వాత తెలిసింది. పార్కులో పనిచేసే మనిషి.

"ఏం దేవులాడుతుండ్రు? మూడుసార్ల కెల్లి చూస్తున్న, గీడ్నే తిరుగుతుండ్రు."

షగుఫ్తా దగ్గరికి పోయి మెల్లగా చెప్పింది.

"అయ్యో! గా పసుపు గోడలదే లెట్రిన్. మీరు అటుకెల్లే వస్తిరి గద?"

"అది విశ్రాంతి గది కదా?" అన్నాను నేను. అప్పటికీ చదువు వదల్లేదు.

"నాకు సదువు రాదమ్మా. రోజు కడుగుత, గంతే ఎర్క."

జన్నత్ బీ చెంపలు వేసుకుంది. "తోబా తోబా! చెప్పులిడిచి సలాం చేస్తిని!" అంటూ, ఆ అవస్థలోనూ ఫక్కున నవ్వింది. వెంటనే ఆపుకుంది. అప్పటికి నవ్వు కూడా ప్రమాదమే.

వచ్చిన దారినే వెనక్కి వచ్చాం. మగవాళ్ల వైపు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆడవాళ్ల వైపు తాళం. పక్కన కుర్చీలో కాపలాదారు భిక్షపతి.

"తాళం తీయి తమ్మీ, పెద్దామెకు అర్జెంటు."

"లోపల సామాను ఉంది మేడం."

"బాత్రూముల సామానేంది?"

"బోర్డులు మేడం. దారి చూపెట్టే బోర్డులు. మొన్ననే ఒచ్చినయి. పెద్దసారు ఒచ్చి ఓపెనింగ్ చేసేదాక ముట్టొద్దన్నరు."

కిటికీ సందులోంచి చూశాను. గోడ నుంచి గోడకు, నేల నుంచి కిటికీ ఎత్తు దాకా బోర్డులు. అన్నిటికంటే పైనున్నదాని మీద, ఏ ముసలమ్మకైనా అర్థమయ్యే తెలుగులో "ఆడవాళ్ల బాత్రూం" అని ఉంది. పక్కన బాణం. తాళం వేసిన తలుపును లోపలి నుంచి చూపిస్తోంది.

"కొన్ని బయట పెట్టరాదా?"

"ఎండకు రంగు పోతది మేడం. నేను మాట పడాల్నా?" అని భిక్షపతి కుర్చీలోంచి లేచి ఉదారంగా అన్నాడు. "మగోళ్ల దిక్కు పొమ్మనుండ్రి. నేను అడ్డం నిలవడ్త."

అంతలో లోపలి నుంచి నలుగురు కుర్రాళ్లు తల దువ్వుకుంటూ బయటికొచ్చారు. ఇద్దరు లోపలికి వెళ్లారు. జన్నత్ బీ వాళ్లను చూసింది, భిక్షపతిని చూసింది, నేల చూసింది.

జానమ్మ చీపురు పక్కన పడేసింది.

"నువ్వు రా అవ్వా. మేం ఆడోళ్లం రోజు పోయే జాగ ఉంది. గీ సదువుకున్నోళ్లు మాట్లాడుకోనీ."

రోజూ ఆ గదిని కడిగే మనిషి రోజూ పోయేది ఎటో తెలుసా? గది వెనక కంచెకు ఒకచోట కన్నం ఉంది. దాని అవతల తంగేడు పొదలు. జానమ్మ ఒకవైపు తన కొంగు చాపి నిలబడింది, షగుఫ్తా ఇంకోవైపు తన చున్నీ పట్టుకుంది. నేను దారివైపు నిలబడి, ఎవరైనా వస్తే సిమెంటు కుందేలును మెచ్చుకుంటున్నట్టు నటించాను. ఆ కుందేలును అంతసేపు చూసిన మనిషి నేనొక్కదాన్నే అయివుంటాను.

పొదల్లోంచి వచ్చాక జన్నత్ బీ జానమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"సల్లగుండు బిడ్డా. బోర్డు రాసినోడు అబద్ధం రాయలే. ఇప్పుడే ఆరాం అయింది."

అందరం నవ్వాం. భిక్షపతి కూడా దూరం నుంచి నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

ఇదంతా చదివి, నేను బోర్డులు మార్చమని అడుగుతున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మార్చొద్దు! దయచేసి ఆ ఆరింటినీ అలాగే ఉంచండి. కోడ్ స్కాన్ చేస్తే శాలువాలే చూపించండి. ఫ్లెక్సీ చిరిగితే ఇంకొకరి పుట్టినరోజు చూసి కొత్తది కట్టండి. ఎందుకంటే దారి సరిగ్గా చూపిస్తే ఆడవాళ్లు తలుపు దాకా వస్తారు. తలుపు దాకా వస్తే తాళం కనిపిస్తుంది. వెతుకుతున్నంతసేపూ ఎక్కడో ఒకటి ఉందన్న ఆశ ఉంటుంది, ఆ ముప్పావుగంట జన్నత్ బీని నడిపించింది అదే. కోట్లు పోసి పార్కు కట్టినవారికి ఒక్క తాళం తీయడం చేతకానప్పుడు, దారి తప్పించడమే ఆడవాళ్లకు వాళ్లు చేయగల మర్యాద.

మొన్న షగుఫ్తా మళ్లీ ప్రయాణం పెట్టింది. నల్లగొండ వైపు ఇంకో కొత్త పార్కు తెరిచారట. అక్కడ బోర్డులు కూడా వెలుగుతాయట. పొద్దున్నే పిలుద్దామని వెళ్లేసరికి జన్నత్ బీ తయారై కూర్చొని ఉంది. ఒక చేతిలో గోళీ, ఇంకో చేతిలో నీళ్ల గ్లాసు. డాక్టరు మానొద్దన్నాడు, మానితే నీరు గుండెకు చేరుతుందన్నాడు, ఆ మాట నాకూ తెలుసు. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఏసుకోనా బిడ్డా?"

"వద్దులే ఖాలా," అన్నాను.